తూము తెరిచిన చెయ్యి

అలేఖ్య చనిపోయింది గురువారం. భావన ఎర్రమాటు చెరువు కట్ట ఎక్కింది ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. ఈ మధ్యలో కట్ట మీద తిరగాల్సిన కాళ్ళన్నీ తిరిగిపోయాయి. పోలీసులు, పంచాయతీవాళ్ళు, చూసిపోదామని వచ్చిన చుట్టుపక్కల ఊళ్ళ జనం. అందుకే భావన అడుగుజాడల మీద ఆశ పెట్టుకోలేదు. ఆమె చూడాలనుకున్నది నీళ్ళని.

భావన పదకొండేళ్ళు ఎస్సైగా చేసి, ఉద్యోగం వదిలేసి, హనుమకొండలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. శుక్రవారం సాయంత్రం జనగామ నుంచి కమలమ్మ వచ్చింది. కూతుర్ని సాగనంపి ఒక్క రోజే అయింది. కన్నీళ్ళు కూడా లేవు ఆ మొహంలో. "నా బిడ్డకు ఈత వచ్చు. ఏడేండ్ల సంది చెరువులల్లనే బతికింది. నీళ్ళు దాన్ని చంపలే బిడ్డా. ఎవలో చంపిన్రు. ఎవలైనా సరే, నాకు పేరు కావాలె," అంది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు.

కొడకండ్ల దగ్గరి ఈ ఎర్రమాటు, గంగారం అడవి అంచున ఒక కుంట, భూపాలపల్లి వైపు ఇంకో చెరువు. ఈ మూడింటినీ మళ్ళీ పక్షులు బతికే చెరువులుగా చేసే పనికి అలేఖ్య కోఆర్డినేటర్. ఎర్రమాటులో ఆమె గుర్రపుడెక్క తీయించింది. నీళ్ళ నడుమ మట్టి దిబ్బలు పోయించి వాటి మీద తుమ్మచెట్లు పెంచింది. మూడేళ్ళుగా ఆ తుమ్మల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడుతున్నాయి. నీళ్ళు తగ్గితే కుక్కలూ నక్కలూ దిబ్బల మీదికి నడిచొచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతాయి. అందుకని ఆయకట్టు రైతులతో పదిసార్లు కూర్చుని, ఈ యాసంగికి వరి మానిపించి పెసర, నువ్వు వేయించింది. పిల్లలు ఎగిరేదాకా, అంటే మార్చి నెలాఖరు దాకా, తూము తెరవకూడదని అందరి చేతా ఒప్పించింది.

ఆ తూము మూతి దగ్గరే శవం దొరికింది.

"వచ్చినవా? కమలమ్మ నిన్ను పట్టుకున్నదని తెలిసింది." తూము గది గోడకి ఆనుకుని నిలబడ్డ సీఐ విక్రమ్ కదలకుండానే అన్నాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఫస్ట్ ర్యాంకు భావనకి పోయిన సంగతి అతను ఇప్పటికీ మర్చిపోలేదు.

"కేసు ఖతమైందట గదా. మరి నువ్వెందుకొచ్చినవు?" అంది భావన.

"నువ్వు వచ్చి ఏం గెలుకుతవో చూద్దామని." జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "విను. గురువారం ఆరూ నాలుగుకు అలేఖ్య వాళ్ళన్న సంజీవకు ఫోన్ చేసింది. రెండు నిమిషాలు. కట్ట మీదున్న, గంగారం బయల్దేరుతున్న అని చెప్పిందట. గదే ఆఖరు ఫోన్. ఆమె టీమంతా ముందు రోజే కొంగ పిల్లల లెక్కకు భూపాలపల్లి పోయింది. అంటే ఒక్కతే ఉన్నది. ఆరూ నలభైకి చేపలు పట్టే రాంజీ కట్ట మీద ఉరుకుతుంటే ఇద్దరు చూసిన్రు. పోయిన వారమే ఆమె రాంజీ వలలు గుంజుకున్నది. ఏడింటికి చెరువు నీళ్ళు వదిలే నీరటి మొగిలి శవాన్ని చూసిండు. రాంజీని లోపలేసిన. ఇంకేం కావాలె?"

"రాంజీ ఎందుకు ఉరికిండట?"

"దొంగతనంగ వల వేస్తుండట. ఎవలో వస్తున్న అలికిడైతే ఉరికిండట."

"ఎవల అలికిడి?"

విక్రమ్ పుస్తకం మూశాడు. "గది వాడు చెప్పే కత."

"ఆరూ నలభైకి కట్ట మీదికి ఎవలో వచ్చిన్రని వాడు చెప్తుంటే నువ్వు కత అంటున్నవు." భావన ఫోన్‌లో ఒక ఫొటో తెరిచి అతని ముందు పెట్టింది. అలేఖ్య కుడి భుజం. నల్లగా కమిలిన గీత భుజాన్ని చుట్టేసి ఉంది. "దీన్నేమన్నవు రిపోర్టుల?"

"చెయ్యి పట్టి గుంజిండు. పెనుగులాట."

"చెయ్యితోని గుంజితే వేళ్ళ గుర్తులుంటయి విక్రమ్. గిది చూడు. ఎక్కడన్న తెగిందా? కడియం లెక్క చుట్టూ ఉన్నది. మనిషి పట్టు కాదిది. తూము పట్టు. రెండడుగుల మూతి అది. అవతల షట్టర్ లేపితే చెరువు బరువంతా ఆ మూతిల నుంచే లోపలికి దూరుతది. అక్కడ చెయ్యి పెట్టిన మనిషిని భుజం దాకా గుంజుకుంటది. ఈత వచ్చినా, రాకున్నా ఒకటే."

"తూము తెరవలే. నెలన్నర సంది మూసే ఉన్నది. పంచనామాల రాసిన."

"ఎవలు చెప్తే రాసినవు?"

"మొగిలి. తూము తాళం ఆయన దగ్గర్నే ఉంటది."

భావన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కట్ట అవతలి వైపు కాలువలోకి దిగింది. విక్రమ్ విసుక్కుంటూ వెనకే వచ్చాడు.

నెలన్నరగా నీళ్ళు చూడని కాలువలో మట్టి పొడిపొడిగా ఉండాలి. కానీ తూము నోటి నుంచి ఫర్లాంగు దూరం దాకా పలచగా ఒండ్రు పరుచుకుని, ఎండి, పెంకుల్లా లేచింది. ఆ తర్వాత పాత దుమ్మే. ఒండ్రు పెంకుల మధ్య వేలెడేసి చేపపిల్లలు అంటుకుపోయి ఉన్నాయి. భావన కూర్చుని ఒకదాన్ని గోటితో ఊడదీసింది. తోక విరగలేదు, ఇంకా వంగుతోంది. పొట్ట దగ్గర కొద్దిగా మెత్తన. చీమలు లోపలికి ఇంకా పూర్తిగా తొలవలేదు.

"మూడొద్దుల చేప," అంది. "నాలుగొద్దులైతే ఈ ఎండకు పుల్లైపోయేది. నీళ్ళు గురువారమే వచ్చినయి. ఫర్లాంగు దాటలే అంటే పావుగంట మించి వదల్లే."

విక్రమ్ తన చెప్పు కింద కూడా ఒకటి ఉందని చూసి కాలు పక్కకి తీశాడు.

తిరిగి కట్ట ఎక్కి తూము గది తలుపు తీయించారు. నాలుగు గోడలు. ఊరి వైపు ఒక్కటే తలుపు. కిటికీ లేదు. నడుమ ఇనుప చక్రం, దాని కిందికి దిగిన మరల కడ్డీ. కడ్డీ అంతా తుప్పు. ఒక్క చోట మాత్రం, జానెడు మేర, మరల మీది తుప్పు రాలి ఇనుము మెరుస్తోంది. చక్రం తిరిగితే ఎంత పైకి లేస్తుందో సరిగ్గా అంత. భావన రెండు చేతులూ చక్రం మీద వేసి నిలబడింది. ఎదురుగా సున్నం రాలిన గోడ తప్ప ఏమీ కనిపించలేదు. చెరువు లేదు, దిబ్బలు లేవు, మెట్లు లేవు.

ఆ గోడని చూస్తూ ఉండగానే ఆమెకి విషయం సగం అర్థమైపోయింది. చక్రం తిప్పిన మనిషికి నీళ్ళలో ఎవరున్నారో కనిపించే వీలే లేదు.

"రాంజీని వదిలెయ్యి," అంది మెల్లగా. "మొగిలి ఎక్కడున్నడు?"

మొగిలి మెట్ల మీద, నీళ్ళకి దగ్గరగా కూర్చుని ఉన్నాడు. అరవై అయిదు దాటిన మనిషి. భుజాన తువ్వాలు, మూడు రోజుల గడ్డం, ఎండిన పెదాలు. ఎదుట దిబ్బల మీద తుమ్మల నిండా కొంగ పిల్లలు మెడలు చాచి గోల చేస్తున్నాయి. పెద్ద కొంగలు వచ్చి వాలుతున్నాయి, లేస్తున్నాయి. ఆయన కళ్ళు అటే ఉన్నాయి కానీ చూస్తున్నట్టు లేదు.

భావన పక్కనే రెండో మెట్టు మీద కూర్చుంది. విక్రమ్ పైనే నిలబడ్డాడు.

"బాపూ, నేను కమలమ్మగారు పంపితే వచ్చిన. ఎన్నేండ్ల సంది నీరటివి?"

"మా తాత, మా నాయిన, నేను. మా ఇంటి పేరే నీరటోళ్ళు."

"అలేఖ్య నిన్నేమని పిలిచేది?"

"మొగిలి తాత అనేది. పిల్లలను ఇద్దరం లెక్కబెట్టేటోళ్ళం. పోయిన బుధారం నూట పద్నాలుగు. గా మూలకున్న గూట్ల రెండే అని నేనంటి, మూడు అని ఆమె అన్నది. ఆమెదే నిజమైంది."

"గురువారం తూము ఎవలు తెరిచిన్రు?"

"తెరవలే." వెంటనే వచ్చింది జవాబు. మరీ వెంటనే.

"తాళం నీ దగ్గర్నే గదా?"

"తెరవలే మేడం. సీఐ సారుకు చెప్పిన."

భావన అరచెయ్యి తెరిచి ఆయన ముందు పెట్టింది. చేతిలో కాలువ దగ్గర తీసిన చేపపిల్ల.

మొగిలి దాన్ని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. దాన్ని తీసుకుని, నీళ్ళలోకి వంగి మెల్లగా వదిలాడు, అది ఈదుకుంటూ పోతుందేమో అన్నట్టు. అది తేలింది. అలకి వెనక్కి వచ్చి ఆయన మెట్టుకే తగిలింది.

"నేనే," అన్నాడు. "నేనే తెరిచిన. గీ చేతులతోనే."

పైనున్న విక్రమ్ ఒక్క అంగలో రెండు మెట్లు దిగాడు.

"మూడొద్దులు ఎందుకు దాచినవు?" గద్దించాడు.

"గానాడు జ్వరమొచ్చి పండుకున్న సారూ," మొగిలి అతనివైపు చూడలేదు. భావనకే చెప్తున్నాడు. "నీళ్ళల్ల దిగేటప్పుడు నాకు కేకెయ్యి బిడ్డా అని మొదటి రోజే చెప్పిన. ఏడేండ్లల్ల ఏనాడు కేకెయ్యకుండ దిగలే. గా ఒక్కనాడు నాకు జ్వరమని, లేపుడెందుకని, ఒక్కతే దిగింది. నాకు తెల్వదు. ఆమె బండి అవతల నీళ్ళు పొర్లే మత్తడి కాడ పెట్టింది, నేను ఊరి దిక్కు నుంచి వచ్చిన. చక్రం తిప్పిన. పావుగంట నిలబడ్డ గా గదిల. నేను గోడ చూసుకుంట నిలబడ్డ, గీడ నా బిడ్డ..."

చెయ్యి చాచి నీళ్ళ కింది తూము మూతిని చూపించాడు.

"మూసి బయటికొస్తే మెట్ల మీద చెప్పులున్నయి. గా చెప్పులు చూసినంక నాకు ఎవలు చెప్పాలె? దుంకిన. మూతికి అతుక్కొని ఉన్నది. తీస్తే వచ్చింది, మెల్లగ వచ్చింది, నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్నట్టే వచ్చింది." తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

భావన ఆయన వీపు మీద చెయ్యి వేసింది. పదకొండేళ్ళ పోలీసు నౌకరీలో ఎన్నో నేరాలు ఒప్పించింది. ఒప్పించినందుకు ఇంత సిగ్గుపడ్డది ఇదే మొదలు.

"నన్ను తీస్కపోండ్రి సారూ. రాంజీని ఇడిసిపెట్టుండ్రి, ఆని పాపం గూడ నాకొద్దు."

విక్రమ్ జేబులోంచి ఫోన్ తీశాడు. "జీపు పిలుస్త. చూసినవా భావనా, దొరికిండు. నీ దయే. స్టేట్‌మెంట్ రాసి వేలిముద్ర వేయిస్త."

"రెండు నిమిషాలు ఆగు."

"ఇంకేమున్నది? ఆయనే ఒప్పుకున్నడు!"

"జ్వరంల పండుకున్న మనిషి, నెలన్నర సంది మూసిన తూమును, లేచొచ్చి ఎందుకు తెరుస్తడు? గది అడిగినవా?" ఆమె గొంతు పెరగలేదు కానీ విక్రమ్ ఫోన్ దించాడు. భావన ముసలాయన వైపు తిరిగింది. "బాపూ, ఎవలు తెరువుమన్నరు?"

మొగిలి తల అడ్డంగా ఊపాడు. "చెప్ప."

"ఎందుకు?"

"ఆయన దేవునసొంటి మనిషి. దవాఖానల నన్ను పట్టుకొని ఏడ్చిండు. తూము తెరిచినవని తెలిస్తే నిన్ను ఉరితీస్తరు మొగిలీ, నేనెవ్వరికి చెప్ప, నువ్వూ చెప్పకు అన్నడు. చెల్లె పోయిన దుఃఖంల ఉండి గూడ నన్ను కాపాడిండు. ఆయన పేరు నా నోట రాదు."

చెల్లె అన్న మాట నోటి నుంచి జారిందని ఆయనకి తెలియలేదు. విక్రమ్, భావన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ ఫోన్ చూపియ్యి బాపూ."

చిన్న బటన్ల ఫోన్. భావన వచ్చిన కాల్స్ తెరిచింది. గురువారం, ఆరూ పన్నెండు. నంబరు కాదు, పేరుంది. 'అన్న'.

"ఈ పేరు ఎవలు పెట్టిన్రు ఇందుల?"

"ఆమెనే. నాకు చదువు రాదు గదా. ఆపదొస్తే ఒకటి ఒత్తు తాతా, మా అన్న ఎత్తుతడు అన్నది."

"సంజీవ ఏమన్నడు ఫోన్ల?"

ఇక దాచడం కుదరదని మొగిలికి అర్థమైంది. "చెల్లె గంగారం పోయిందన్నడు. కింద నువ్వు చేన్లు ఎండుతున్నయని రైతులు అడిగిన్రట, ఒక్క తడి ఇయ్యుమన్నదట. పావుగంట తెరిచి మూయుమన్నడు. ఆయనకేం తెల్సు మేడం? ఆయనకు గట్ల చెప్పి ఆమె దిగింది. ఆయన నమ్మిండు, నేను నమ్మిన. తప్పు నా చేతులదే."

"సంజీవకు ఈ చెరువుతోని పనేమన్న ఉన్నదా?"

"నీళ్ళు నిలిచే శిఖంల పదెకరాల చెలక ఉన్నది. ఎప్పుడో కొన్నరు. నీళ్ళు నిండితే సగం మునుగుతది." మొగిలి కళ్ళు తుడుచుకున్నాడు. "సోమారం చెరువు హద్దురాళ్ళు పాతుదమన్నది ఆమె, పాతితే గా చెలక చెరువు కిందికే పోతది. మొదటి రాయి మా అన్న చెలకలనే పాతాలె తాతా, అప్పుడే ఊరోళ్ళు నా మాట ఇంటరు అన్నది."

"సోమవారం అంటే రేపే," అన్నాడు విక్రమ్. అతని గొంతులో వెటకారం పోయింది. భావనని నాలుగు మెట్లు పైకి రమ్మని, "అయినా సొంత చెల్లె. గంగారం పోతున్ననని నిజంగనే చెప్పిందేమో. ఆమె ఫోన్ల ఏమన్నదో ఆయన తప్ప విన్నోళ్ళు లేరు. కోర్టుల నిలబడదు," అన్నాడు.

"అందుకే ఆగమన్న." భావన కమలమ్మ నంబరు నొక్కి, మొగిలికి వినపడనంత దూరం నడిచింది. విక్రమ్ పక్కనే వచ్చి చెవి ఒగ్గాడు.

"అమ్మా, భావనను. గురువారం పొద్దున అలేఖ్య ఫోన్ చేసినప్పుడు మీరు ఎక్కడున్నరు?"

"వంటింట్ల ఉన్న బిడ్డా. వాడు స్పీకర్ పెట్టి నాకు గూడ వినిపిచ్చిండు. నాతోని మాట్లాడింది గదా."

భావన కళ్ళు మూసుకుంది. "ఏమన్నది? జర యాది చేసుకొని, మాటకు మాట చెప్పండి."

"యాది చేసుకునుడేంది, మూడొద్దుల సంది చెవులల్ల గవే మాటలు. తూము మూతికి కట్టిన జాలీ ఊడిందట. కొంగ పిల్లలు ఎవన్న నీళ్ళల్ల పడితే అండ్ల ఇరుక్కుంటయట. దిగి కడుతున్న అన్నది. మొగిలి తాతకు జ్వరం, లేపలే అన్నది. అన్నా, అర్ధగంటల నేను మళ్ళ ఫోన్ చెయ్యకుంటే ఎవరినన్న పంపు అన్నది. సరే చెల్లె, పైలం అన్నడు వాడు."

విక్రమ్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"తర్వాత?"

"తర్వాత వాడు వాకిట్లకు పోయి ఇంకెవరితోనో మాట్లాడిండు. చాయ పోసి పిలిచిన. రెండుమాట్లు పిలిచిన, ఇనలే." ఆమె ఊపిరి వినిపిస్తోంది. "అర్ధగంటైనంక అడిగిన, చెల్లె చేసిందారా అని. చేసిందమ్మా అన్నడు." స్టవ్ కట్టేసిన చప్పుడైంది. "ఎందుకు అడుగుతున్నవు బిడ్డా? పోలీసోళ్ళకు వాడేం చెప్పిండు?"

అబద్ధం చెప్పొచ్చు. ఒక గంటసేపు ఆ తల్లికి కొడుకుని మిగల్చొచ్చు. కానీ పేరు కావాలని అడిగింది ఆమే.

"నీళ్ళల్ల దిగుతున్నదని చెప్పలేదమ్మా. గంగారం బయల్దేరిందని చెప్పిండు. మొగిలికి గూడ గట్లనే చెప్పి, ఆరూ పన్నెండుకు తూము తెరిపిచ్చిండు."

అవతల ఏదో కింద పడింది. గిన్నెనో, చెంబో. దొర్లుతూ దొర్లుతూ ఆగింది. ఏడుపు వినిపిస్తుందని భావన ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుంది. వినిపించలేదు.

"అమ్మా? సంజీవ ఇంట్ల ఉన్నడా?"

"ఉన్నడు." గొంతు గుసగుసలోకి దిగింది. "మొగిలికి పానం బాగలేదట, హైదరాబాద్ దవాఖానకు తీస్కపోత అని కారు తుడిపిస్తుండు. ఇప్పుడే పోతడట."

విక్రమ్ అప్పటికే కట్ట మీద పరుగెత్తుతున్నాడు, వైర్‌లెస్‌లో జనగామని పిలుస్తూ. భావన మొగిలివైపు చూసింది. ఆయన ఇంకా నీళ్ళ వైపే కూర్చుని ఉన్నాడు, తనని కాపాడిన మనిషి తన కోసమే బయల్దేరుతున్నాడని తెలియకుండా.

"అమ్మా, మీరేం అనకండి. ఏమీ తెలియనట్టే ఉండండి. పోలీసులు వస్తున్నరు, పది పదిహేను నిమిషాలు. వీలైతే వాకిట్లకు పోండి, పక్కింటికి పోండి."

"నేనెక్కడికి పోత?" అంది కమలమ్మ. "పదిహేను నిమిషాలు కదా. బువ్వ తినకుండ వాణ్ని ఇంట్ల నుంచి పోనియ్య. చిన్నప్పటి సంది పళ్ళెం ముందర కూసుంటే సగంల లేవడు వాడు. గంతసేపు నా కొడుకే. తర్వాత మీరు తీస్కపోండి."

ఫోన్ పెట్టేయడం ఆమెకి గుర్తు రాలేదో, కావాలనే పెట్టలేదో. గట్టు మీద పెట్టిన చప్పుడైంది. పళ్ళెం కడిగిన చప్పుడు. గరిటె అన్నంలో దిగిన చప్పుడు. ఆ తర్వాత వాకిటి వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే, కొంచెం కూడా వణక్కుండా ఆమె పిలవడం భావనకి వినిపించింది.

"సంజీవా, రా కొడుకా. అన్నం పెట్టిన."